స్టాపుకో గుక్క

"నీళ్ళు తాగుతున్నారా నవీన గారూ?"

"తాగుతున్న మేడం. మంచిగనే తాగుతున్న."

ఎంత పచ్చి అబద్ధమో చూడండి! పొద్దున లేచిన దగ్గర్నుంచి నవీన గొంతు దిగింది రెండు చెంచాల నీళ్ళు, అరకప్పు పప్పుకట్టు. మంచం పక్కన స్టూలు మీద లీటరు సీసా మూతైనా తీయకుండా నిండుగా ఉంది. ఫోను అవతల ఉన్నది ఉదయలక్ష్మి, సోమాజిగూడలో ఓ ఆసుపత్రి నర్సు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని ఇళ్ళకు పోయినవాళ్ళకి రోజు విడిచి రోజు ఫోన్ చేసి బాగోగులు కనుక్కోవటం ఆవిడ పని. నవీనకి ఆపరేషనై ఆ రోజుకి ఎనిమిది రోజులు. కడుపులో సంచిని నాలుగింట మూడు వంతులు తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టారు. ఆ గొట్టంలోకి ఒకేసారి గ్లాసుడు నీళ్ళు పట్టవు. గుక్క గుక్కగా, రోజంతా తాగుతూనే ఉండాలి. చెప్పారు, కాగితం మీద రాసిచ్చారు, మొగుడికి కూడా విడిగా చెప్పారు. వింటే కదా!

నవీన సిటీ బస్సు కండక్టరు. నలభై మూడేళ్ళ మనిషి, పదహారేళ్ళ సర్వీసు. యూసుఫ్‌గూడలో ఎక్కి అమీర్‌పేట, పంజాగుట్ట, మాసబ్ ట్యాంక్ మీదుగా మెహదీపట్నం వెళ్ళటం, మళ్ళీ వెనక్కి రావటం. అమీర్‌పేటలో కోచింగ్‌కి ఊరినుంచి కొత్తగా దిగినవాళ్ళెవరో, పాసు గడువు అయిపోయినా మొహం అటు తిప్పుకుని నిలబడేవాళ్ళెవరో చూడగానే చెప్పేస్తుంది. "జర ముందుకు జరగుండ్రి" అని ఆవిడ వెనకనుంచి ఒక్క కేకేస్తే పక్కనున్న ఆటోలు కూడా ముందుకు జరిగేవని డ్రైవరు కనకయ్య ఆటపట్టిస్తుంటాడు.

కేక ముందుకు పోయేది గానీ మనిషి పోలేకపోయేది. నూట పద్దెనిమిది కిలోలు. సర్కారు ఆడవాళ్ళకి టికెట్ లేదన్నాక బస్సులో కాలు పెట్టే సందు ఉండటం లేదు. ఆ సందులో ఈ శరీరాన్ని దూర్చుకుని వెనకనుంచి ముందుకు రావాలంటే మోకాళ్ళు కలుక్కుమనేవి, ఊపిరి ఆడేది కాదు. "అక్కా, నువ్వు ఆడనే ఉండు, మేమే వచ్చి టికెట్ కొట్టించుకుంటం" అని కాలేజీ పిల్లలు నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది. ఇంటికొచ్చి ఏడ్చేది. పైగా షుగరు, బీపీ. వచ్చేసారి డాక్టరు పరీక్షలో ఫిట్ కాదంటే బస్సు దించేస్తారు. ఆ భయంతోనే, చీటీ పాడి మరీ ఆపరేషన్‌కి ఒప్పుకుంది. బస్సు మీద ఉండటానికి ఒప్పుకుంది, అందంగా కనపడటానికి కాదు.

ఇక నీళ్ళ సంగతి. ఇక్కడ మొహమాటం లేకుండా ఓ మాట చెప్పుకోవాలి. మగ డ్రైవరుకి ఏ గోడ పక్కనైనా పని అయిపోతుంది. ఆడ కండక్టరు ఎక్కడికి పోవాలి? ట్రిప్పు మొదలైతే గంటంబావు, ట్రాఫిక్ తగిలితే రెండు గంటలు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒకసారి ఆగలేక మాసబ్ ట్యాంక్ దగ్గర బస్సు ఆపించి పరుగెత్తింది. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చేసరికి వెనక సీట్లలో ఒకటే ఈలలు, చప్పట్లు. "మేడం, పని అయిందా?" అని ఎవడో అరిచాడు. బస్సు బస్సంతా గొల్లుమంది. ఆ రోజునుంచి నవీన డ్యూటీలో నీళ్ళు మానేసింది. తెల్లారుజామున ఒక చాయ్ తాగి ఎక్కితే మధ్యాహ్నం దిగినాకే మళ్ళీ గొంతు తడి. దిగాక ఆకలి, దాహం రెండూ ఒక్కసారిగా మీదపడేవి, అమీర్‌పేట బండిమీద ఎనిమిది మిరపకాయ బజ్జీలు మాయమయ్యేవి. కొన్నాళ్ళకి దాహం వేయటమే మానేసింది. "నాకు నీళ్ళతోని పనే లేదు, ఒంటెకన్న గట్టి నేను" అని కొత్తగా చేరిన ఆడపిల్లలకి గొప్పగా చెప్పుకునేది కూడా.

ఆ గొప్పే ఆవిడ కొంప ముంచింది. ఆపరేషన్ తర్వాత నీళ్ళు గుక్కెడు దిగితే చాలు, ఛాతీ కింద పట్టేసినట్టయ్యేది. దాహమా, వేయదు. పదహారేళ్ళు తాగకుండా ఉన్నాను, పదిరోజులు ఉంటే ఏం పోతుంది అనుకుంది. మొగుడు సురేందర్ గ్లాసు పట్టుకొస్తే "ఆడ పెట్టు, తాగుత" అనేది. అతను ఎలక్ట్రీషియన్, పనిమీద వెళ్ళి సాయంత్రం వచ్చేసరికి గ్లాసు అక్కడే ఉండేది.

పదకొండో రోజు పొద్దున్నే వాంతి. ఇంకోటి. లేచి నిలబడితే గోడలు తిరిగాయి, గుండె దడదడలాడింది, నాలుక అంగిలికి అతుక్కుపోయింది. సురేందర్ ఆటోలో వేసుకుని సోమాజిగూడకి పరుగెత్తాడు. ఏ ఆసుపత్రి నుంచి నవ్వుతూ చేతులూపి వచ్చిందో అదే ఆసుపత్రికి, వారం తిరక్కుండా చక్రాల కుర్చీలో. నవీనకి సిగ్గుతో చచ్చినంత పనయింది.

కుట్లు ఊడాయేమోనని స్కానింగ్ తీశారు. కుట్లు బంగారంలా ఉన్నాయి. లోపల నీరే లేదు. కిడ్నీలు దెబ్బ తినటం మొదలైందని రక్తపరీక్షలో తేలింది. రెండు చేతులకీ సూదులు గుచ్చి సెలైన్ ఎక్కించారు.

మర్నాడు ఉదయలక్ష్మి ఫైలు పట్టుకుని మంచం దగ్గరికొచ్చింది. భీమవరం మనిషి, మెత్తగా మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం మొహం గంటు పెట్టుకుని ఉంది.

"మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ తాగుతున్నానన్నారు. నాతో అబద్ధం చెప్పి ఏం సాధించారండీ?"

నవీన మొహం గోడవైపు తిప్పుకుంది.

"చూడండి, మీ ఫైల్లో ముందే రాసుకున్నాం. షుగరుంది, బీపీ ఉంది, బరువు బాగా ఎక్కువ, నిద్రలో ఊపిరి ఆగుతుంది, మోకాళ్ళకి మాత్రలు మింగే అలవాటుంది. ఇవి ఉన్నవాళ్ళు నెల తిరక్కుండా మళ్ళీ ఆసుపత్రికి వచ్చే ప్రమాదం ఎక్కువని మీమీద ఓ కన్నేసి ఉంచాం. షుగరు బానే ఉంది, బీపీ బానే ఉంది. మీరేంటి, నీళ్ళ దగ్గర పడిపోయారు?"

"నాకు దూప కాదు మేడం. అలవాటు లేదు."

"దాహం వేయకపోవటమేంటి, అలవాటు లేకపోవటమేంటి? డ్యూటీలో ఉన్నప్పుడు నీళ్ళు ఎప్పుడు తాగుతారు?"

"దిగినంక."

"దిగేదెప్పుడు?"

"రెండింటికి."

"ఎక్కేది?"

"పొద్దుగాల ఐదున్నరకు."

ఉదయలక్ష్మి కలం పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆవిడ కోపం అంతా ఎటు పోయిందో పోయింది. ఫైలు తెరిచి, ఆ షుగరు, బీపీల జాబితాకి పైన ఉన్న ఖాళీలో ఏదో రాసింది.

"ఏం రాసిండ్రు మేడం?"

"బస్సు కండక్టరు అని రాశాను. ఈ ప్రశ్న మొదటిరోజే అడగాల్సింది మేము. మా కాగితంలో లేదు."

సాయంత్రం డాక్టరు వచ్చాడు. ఆయన ఎక్కువ మాట్లాడే రకం కాదు. "ఈసారికి కిడ్నీలు కోలుకుంటాయి. మళ్ళీ ఇలా ఎండిపోయి వస్తే నేను హామీ ఇవ్వలేను. అప్పుడు ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టమని నన్ను అడగొద్దు, బస్సు సంగతి మర్చిపోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నవీన రాత్రంతా సెలైన్ సీసా వంక చూస్తూ పడుకుంది. చుక్క, చుక్క, చుక్క. అలా చుక్కలుగా పోతే తన ఒళ్ళు తాగుతోంది కదా! మరి నోటితో ఎందుకు తాగదు?

"డిపోల అడిగి ఆఫీసుల కుర్చీ పని తీస్కో" అన్నాడు సురేందర్ ఇంటికొచ్చాక. "ఎంతసేపైనా తాగొచ్చు, ఎన్నిసార్లైనా పోవచ్చు. ఫికరే లేదు."

"ఆఫీసుల కూసునేదుంటే కడుపెందుకు కోయించుకుంటుంటినయ్యా? బస్సెక్కనీకే కోయించుకున్న. బస్సే ఎక్కుత."

సురేందర్ సీసాలో నీళ్ళు నింపి ఆవిడ పక్కన పెట్టాడు. పెళ్ళాం పంతం పడితే ఎలా ఉంటుందో అతనికి ఇరవై ఏళ్ళుగా తెలుసు.

రోజూ నడవమని డాక్టరు చీటీలో రాశాడు, నవీన నడిచింది. మొదటి వారం గల్లీ చివరిదాకా. తర్వాత మెయిన్ రోడ్డు దాకా. ఐదో వారానికి, చేతిలో సీసాతో, తన బస్సు తిరిగే దారినే పట్టి నడవటం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలకొక గుక్క తాగమంది ఉదయలక్ష్మి. చేతిలో టికెట్ మిషను, భుజాన సంచి, చుట్టూ జనం. బస్సులో గడియారం చూసుకునేదెవరు? నవీనకి నిమిషాలు తెలియవు, స్టాపులు తెలుసు. అందుకని స్టాపుకో గుక్క అని పెట్టుకుంది. నడుస్తూనే సాధన చేసింది. స్టాపు రాగానే ఆగటం, "రైట్" అని తనలో తను అనుకోవటం, ఒక గుక్క. దారినపోయేవాళ్ళు పిచ్చిదనుకున్నా సరే.

తాగింది బయటికి పోవాలిగా! దారి పొడుగునా బాత్రూం కోసమే వెతికింది. పెట్రోలు బంకులో తాళం వేసుంది, స్టాఫ్‌కే అన్నారు. చీరల దుకాణం ముందు వాచ్‌మన్ ఆవిడని పైనుంచి కిందిదాకా చూసి కస్టమర్లకే అన్నాడు. టిఫిన్ సెంటర్ ఓనరు "మాకే లేదు తల్లీ" అని నిజం చెప్పాడు. పాపం, అతని మీద మాత్రం కోపం రాలేదు. నాలుగు రోజులు తిరిగింది. పదిచోట్ల అడిగింది. పదిచోట్ల కాదనిపించుకుంది. పదకొండోచోట అడిగింది.

అమీర్‌పేట స్టాపు పక్క సందులో, సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే బిల్డింగు. మెట్లు ఊడుస్తున్న ముసలామె చీపురు పక్కన పెట్టి కళ్ళు చికిలించి చూసింది.

"నువ్వు మా దొడ్డు కండక్టరమ్మవు గదా? ఏమైంది బిడ్డా, సగమే మిగిలినవ్!"

ఆవిడ మంగవ్వ. రోజూ మాసబ్ ట్యాంక్‌లో ఎక్కి అమీర్‌పేటలో దిగుతుంది. నవీన మెట్టు మీద కూలబడి ఆపరేషన్ మొదలు సెలైన్ దాకా అంతా చెప్పేసింది. మంగవ్వ నడుముకి దోపుకున్న తాళంచెవుల గుత్తి బయటికి తీసింది.

"ఆడపోరిల బాత్రూం చెవి నా నడుముకే ఉంటది. కింది అంతస్తే. నువ్వు ఎప్పుడన్న రా, తీస్త. ఎవడన్న అడ్డమొస్తే నేను చెప్పుత."

స్టాపు నుంచి అక్కడికి ఎనభై నాలుగు అడుగులు. పోయి రావటానికి నాలుగు నిమిషాలు. నవీన మూడుసార్లు పోయొచ్చి మరీ చూసుకుంది.

డిపో పెద్దసారు చెడ్డవాడు కాదు. కానీ కుర్చీలో ఉన్నవాడు. "ట్రిప్పు మధ్యల నాలుగు నిమిషాలు ఆపుడు ఏ రూల్ల ఉందమ్మా? ఆఫీసుల కూసో, నేనే ఇస్త అంటున్న గదా" అన్నాడు. నవీన ఫిట్‌నెస్ కాగితం, దాని వెనక, డ్యూటీలో కూడా నీళ్ళు తాగుతూనే ఉండాలని ఉదయలక్ష్మి రాసి డాక్టరు సంతకం పెట్టిన చీటీ బల్ల మీద పెట్టింది.

"ట్రిప్పుకు నాలుగు నిమిషాలు ఇయ్యుండ్రి సార్. లేకుంటె మెమో ఇయ్యుండ్రి. నేనైతే ఆపుత."

ఆయన కాగితం చూశాడు, మనిషిని చూశాడు. "సరే, చూద్దాం. ప్యాసింజర్ల నుంచి ఒక్క కంప్లైంట్ రావద్దు. వస్తే మాత్రం నువ్వు ఆఫీసే" అన్నాడు.

అలా ఏడు వారాల తర్వాత నవీన మళ్ళీ బస్సెక్కింది. తొంభై ఎనిమిది కిలోలు. ఖాకీ చొక్కా వదులై గాలికి ఊగుతోంది. "ఏం చెల్లె, నీ చొక్కకు బదులు మీ ఆయన చొక్క తొడుక్కొచ్చినవా?" అన్నాడు కనకయ్య. నవీన సీసాని సంచి పట్టీకి తాడుతో కట్టుకుంది. రైట్ అనటం, ఒక గుక్క. రైట్, ఒక గుక్క. తెల్లవారి ట్రిప్పులు రెండూ ఖాళీ రోడ్ల మీద హాయిగా గడిచిపోయాయి.

మూడో ట్రిప్పు ఎనిమిదిన్నరకి యూసుఫ్‌గూడలో ఎక్కగానే తెలిసిపోయింది, ఇక ఆగదని. ఆఫీసుల టైము. బస్సు కిక్కిరిసిపోయింది. అమీర్‌పేట వచ్చింది. దిగేవాళ్ళు దిగారు, అంతకు రెట్టింపు ఎక్కారు. కనకయ్యకి ముందే చెప్పి ఉంచింది. అతను అద్దంలోంచి ఆవిడ వంకే చూస్తున్నాడు. నవీన మాత్రం కదల్లేదు.

పదహారేళ్ళనాటి ఈలలు చెవుల్లో మోగాయి. మెహదీపట్నం దాకా ఆపుకుంటే? ఎన్నిసార్లు ఆపుకోలేదు! ఈ ఒక్కరోజుకి, మొదటిరోజు కదా, గొడవెందుకు? సీసా వంక చూసుకుంది. ఈ రోజు ఆపుకుంటే రేపు ఒక గుక్క తగ్గిస్తాను. ఎల్లుండి రెండు. వారం తిరిగేసరికి సీసా నిండుగానే ఇంటికి తిరిగొస్తుంది. ఆ తర్వాత చక్రాల కుర్చీ. నవీనకి ఆ దారి మొత్తం స్టాపులతో సహా కనపడింది.

"హోల్డాన్!" అని అరిచింది. ఆ గొంతుకి బస్సంతా తలలు తిప్పింది.

"నేను ఒంటికి పోయొస్త. నాలుగు నిమిషాలు. ఎవ్వరు ఫికర్ చేయకుండ్రి."

లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని కూర్చున్న ఒకాయన ముందుగా అందుకున్నాడు. "ఏంది మేడం ఇది? ఆఫీస్ టైంల బస్సాపి బాత్రూమా? కంప్లైంట్ చేస్త నేను."

ఒక్క కంప్లైంట్ వస్తే ఆఫీసే. అయినా నవీన మెట్టు దిగుతూనే వెనక్కి తిరిగింది.

"చెయ్యి సార్. బస్సు నంబరు గాడ రాసుంది. నా పేరు నవీన. రాస్కో."

"ఆగు బిడ్డా!" అని వెనకనుంచి ఇంకో గొంతు. పూలబుట్ట పెట్టుకున్న ఆవిడ. "నేను సుత వస్త. నాలుగింటికి ఇంట్లకెళ్ళి ఎల్లిన, అప్పటిసంది బిగవట్టుకోని కూసున్న. ఓ అయ్యా, జర నా బుట్ట చూస్తుండు" అని ఆ బుట్ట తీసి లాప్‌టాప్ ఆయన ఒళ్ళోనే పెట్టింది. హాస్టలు పిల్ల ఒకతి తల వంచుకుని "అక్కా, నేను కూడా" అంది. చంటిపిల్లతో ఉన్న ఒకావిడ, బ్యాంకు ఐడీ కార్డు వేసుకున్న ఇంకొకావిడ. మొత్తం ఐదుగురు ఆడవాళ్ళు వరసకట్టి సందులోకి నడిచారు.

మంగవ్వ నోరు వెళ్ళబెట్టింది. "నీయవ్వ, నిన్ను రమ్మంటే బస్సును పట్టుకొచ్చినవేందే!" అని తిడుతూనే తలుపు బార్లా తీసింది.

నాలుగు నిమిషాలు కాదు, తొమ్మిదయ్యాయి. తిరిగొచ్చేసరికి ఈలలు లేవు, చప్పట్లు లేవు. లాప్‌టాప్ ఆయన పూలబుట్ట రెండు చేతులా పట్టుకుని బొమ్మలా కూర్చున్నాడు. పూలావిడ బుట్ట తీసుకుని అతని చేతిలో నాలుగు చామంతులు పెట్టింది. ఆయన కంప్లైంట్ చేస్తాడో లేదో నవీనకి తెలియదు. చేస్తే, రేపు పెద్దసారు ముందు నిలబడి ఇదే మాట మళ్ళీ చెప్తుంది. అది మాత్రం తెలుసు.

"తొమ్మిది నిమిషాలు చెల్లె" అన్నాడు కనకయ్య.

"రేపు గూడ ఆపాలె అన్నా. రైట్ రైట్!"

బస్సు కదిలింది. నవీన ఒక గుక్క తాగి, వెనకనుంచి జనంలోకి దూరింది. టికెట్లు కొట్టుకుంటూ, తోసుకుంటూ, జరుపుకుంటూ డ్రైవరు సీటు దాకా వచ్చేసింది. మోకాలు కలుక్కుమనలేదు. ఎన్నేళ్ళయిందో ఇంత ముందుకొచ్చి! కళ్ళు చెమర్చాయి, చొక్కా చేతితో తుడుచుకుంది. అప్పుడే ఫోను మోగింది.

"మొదటిరోజు కదా, అడుగుదామని చేశాను. నీళ్ళు తాగుతున్నారా నవీన గారూ? నిజం చెప్పండి."

"తాగిన. ఆపిన. దిగిన. పోయిన. వచ్చిన."

అవతల ఉదయలక్ష్మి పకపకా నవ్వింది.

"ఉంట మేడం, పంజాగుట్ట వచ్చింది. గుక్క తాగాలె" అని నవీన ఫోను పెట్టేసింది. మాసబ్ ట్యాంక్‌లో బస్సు ఆగేసరికి సీసా సగం ఖాళీ అయింది.